క్లౌన్‌ఫిష్ పెంచితే అనిమోన్ ఉండి తీరాలా?

అల: ఓసెల్లారిస్ రకం క్లౌన్‌ఫిష్ జత తెచ్చి రెండు నెలలైంది. రెండూ హీటర్ పక్కన మూల పట్టుకుని ఊగుతూ ఉంటాయి. చూస్తే జాలేస్తోంది. సముద్రంలో అనిమోన్ని, అంటే రాయికి అంటుకుని ఉండే ఆ కుచ్చుల జీవిని, వదలని చేపని ఇలా గూడు లేకుండా ఉంచడం తప్పు కాదా? ఒక అనిమోన్ కొందామనుకుంటున్నాను.

నీలిరాయి: ఇప్పుడే వద్దండీ. సముద్రంలో పెద్ద చేపలు మింగేస్తాయి కాబట్టి క్లౌన్‌ఫిష్‌కి అనిమోన్ విషపు కుచ్చుల కాపలా కావాలి. మీ ట్యాంకులో ఆ భయం లేదు.

నేనూ మీలాగే ట్యాంకు పెట్టిన రెండో నెలలోనే అనిమోన్ తెచ్చాను. మూడో రాత్రి అది రాయి వదిలి, పాక్కుంటూ వెళ్లి, నీళ్లని కదిలించే వేవ్‌మేకర్‌లో ఇరుక్కుంది. పొద్దున లేచేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, కుచ్చుల ముక్కలు తేలుతున్నాయి. అమ్మోనియా పెరిగి ఒక చేప చచ్చిపోయింది. ఆ బాధ ఇంకా పోలేదు.

అసలు నా అభ్యంతరం వేరే ఉంది. హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ దొరుకుతుంది. 1970ల నుంచీ చేపపిల్లలకి రోటిఫర్లనే అతి చిన్న నీటి జీవుల్ని మేతగా వేసి పెంచుతూనే ఉన్నారు. పెద్ద అనిమోన్లు మాత్రం చాలావరకు సముద్రం నుంచి పెకలించినవే. ఒక్కటి తీస్తే అందులో ఉన్న ఆడ, మగ క్లౌన్‌ఫిష్, వాటి వెనక జతకట్టే వంతు కోసం కాచుకున్న చిన్నవి, అన్నిటికీ నీడ పోతుంది.

తీరం: అంత గట్టిగా అనకండి. బబుల్ టిప్ రకం అనిమోన్ తనంత తానే రెండుగా చీలుతుంది. వేరేవాళ్ల ట్యాంకులో చీలినది తెచ్చుకుంటే సముద్రానికి నష్టమేముంది? అనిమోన్ పాదం పక్కన రాయి మీద గుడ్లు పెట్టి, మగది వాటికి రెక్కలతో విసురుతుంటే చూశాను. మూలలో ఊగే చేపకి ఆ బతుకు ఎక్కడిది?

నీలిరాయి: చీలినదైతే, ఏడాది దాటిన ట్యాంకు, బలమైన లైటు ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ ఓసెల్లారిస్ సముద్రంలో బబుల్ టిప్‌లో ఉండదు. ట్యాంకులో కొన్ని అలవాటు పడతాయి, కొన్ని ఏళ్లు గడిచినా దాని జోలికే పోవు. అల గారూ, రెండూ తింటున్నాయా?

అల: బాగా తింటున్నాయి. చిన్నది పెద్దదాని ముందుకెళ్లి ఒళ్లంతా వణికిస్తోంది. జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది.

నీలిరాయి: జబ్బు కాదండీ, లొంగుబాటు. ఇవన్నీ మొదట మగవే. జతలో పెద్దది ఆడదిగా మారుతుంది, చిన్నది అలా వణికి దాని పెద్దరికం ఒప్పుకుంటుంది. మీ జత కుదురుతోంది.

అల: అయితే అనిమోన్ ఆర్డర్ ఆపేస్తున్నాను. ఏడాది నిండాక చీలిన బబుల్ టిప్ కోసం తీరం గారినే అడుగుతాను.