పేరెంట్స్ రిసోర్స్ సెంటర్: సీఎస్‌ఆర్ వాళ్లు 3 ఏళ్ల రికార్డు అడిగారు, ఏం చూపించాలి?

గుణదల_పేరెంట్స్:
నమస్కారం అండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులం కలిసి విజయవాడలో సెంటర్ నడుపుతున్నాం. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది, 12ఏబీ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) నమోదులు ప్రొవిజనల్‌గా, అంటే తాత్కాలికంగా వచ్చాయి. స్కూల్ అడ్మిషన్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), నిరామయ బీమా (దివ్యాంగుల ఆరోగ్య బీమా) ఫారాలు నింపించడం, టాయ్ లైబ్రరీ, నెలకో శనివారం పేరెంట్ ట్రైనింగ్: ఇదీ పని. ఒక కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజ సేవకు పెట్టే ఖర్చు) కింద డబ్బు ఇస్తామంటోంది. మూడేళ్లలో ఎన్ని కుటుంబాలకు సేవ చేశారు, కుటుంబానికి ఎంత ఖర్చయింది అని అడిగారు. మా దగ్గర హాజరు పుస్తకం, రశీదు బుక్కు, వాట్సాప్ గ్రూపు తప్ప ఏమీ లేవు. ఫోన్‌లో చెప్పినవి ఎవరూ రాయలేదు. పాత మూడేళ్లవీ ఇప్పుడు రిజిస్టర్‌లో రాసేయొచ్చా? మొదలు ఎక్కడ పెట్టాలి?

కేస్‌ఫైల్:
పాతవి రిజిస్టర్‌లో రాయొద్దండి. మూడేళ్ల ఎంట్రీలు ఒకే పెన్ను, ఒకే చేతిరాతతో ఉంటే చూసేవాళ్లకు క్షణంలో తెలిసిపోతుంది, అక్కడితో నిజంగా చేసిన పని మీద కూడా అనుమానం మొదలవుతుంది. బదులుగా ఒక సమకూర్పు పట్టిక చేయండి. ప్రతి వరుసకీ అది ఎక్కడి నుంచి వచ్చిందో (హాజరు పుస్తకం ఫలానా పేజీ, వాట్సాప్ ఎక్స్‌పోర్ట్ ఫలానా తేదీ, నింపిన ఫారం జిరాక్స్) పక్కన రాయండి. పైన ‘ఫలానా తేదీన పాత ఆధారాల నుంచి తయారు చేసినది’ అని వేసి, కమిటీ తీర్మానంతో మినిట్స్ బుక్కులో ఎక్కించండి. ఆధారం దొరకనిది వదిలేయండి. సంఖ్య తగ్గితే తగ్గనివ్వండి.

ఇక రేపటి నుంచి ప్రతి కుటుంబానికీ ఒక నంబర్ ఇవ్వండి. కుటుంబం తాడేపల్లికి మారినా, రెండేళ్లు రాకుండా మళ్లీ వచ్చినా అదే నంబర్. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే నంబర్ ఒకటే, పక్కన అ, ఆ. సేవల రిజిస్టర్‌లో తేదీ, కుటుంబం నంబర్, ఎలా కలిశారు (ఫోన్, సెంటర్, ఇల్లు), ఏం అడిగారు, ఏం చేశాం, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడికి పంపాం, మళ్లీ ఎప్పుడు కనుక్కోవాలి, రాసినవాళ్ల సంతకం. ఫోన్ పెట్టేసిన వెంటనే రాయాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే సగం పోతాయి.

ఎక్కువ సెంటర్లు తప్పు చేసేది కూడికలో. నెలకు 40 కుటుంబాలు వస్తే ఏడాదికి 480 అని రాసేస్తారు. వాటిలో చాలావరకు వచ్చినవాళ్లే మళ్లీ వచ్చి ఉంటారు. ‘కుటుంబాలు’ వేరు, ‘సంప్రదింపులు’ వేరు. ఒక తల్లి 12 సార్లు వస్తే ఒక కుటుంబం, 12 సంప్రదింపులు. ఉదాహరణకు ఏడాది ఖర్చు 6 లక్షలు, కుటుంబాలు 75, సంప్రదింపులు 600 అనుకోండి. కుటుంబానికి 8,000, సంప్రదింపుకు 1,000. రెండూ ఇవ్వండి, లెక్క కట్టిన విధానం కూడా రాయండి.

ఇంకొకటి. పిల్లవాడు మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల సర్కారు కేంద్రం) ఫిజియోథెరపీ తీసుకుంటుంటే అది సమగ్ర శిక్ష (సర్కారు పాఠశాల విద్యా పథకం) లెక్కలో ఉంటుంది. మీరు దారి చూపించారంతే కాబట్టి ‘పంపినది’ గడిలోనే రాయాలి. దాన్ని మీ థెరపీ సెషన్‌గా చూపిస్తే ఒకే సేవ రెండు చోట్ల పద్దు పడుతుంది.

బ్రాడీపేట_పద్దులు:
సేవల సంగతి పైన చెప్పేశారు, నేను డబ్బు వైపు చెప్తాను. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చినందున, నేను రాసే నంబర్లు 2025-26 లెక్కల వరకు, అంటే 1961 చట్టం ప్రకారం అనుకోండి.

ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ 3 ఏళ్లే. పని మొదలైన 6 నెలల్లోగా గానీ, గడువు ముగియడానికి 6 నెలల ముందు గానీ, ఏది ముందొస్తే ఆలోగా పక్కా రిజిస్ట్రేషన్‌కు ఫారం 10ఏబీ వేయాలి. మీ సెంటర్ ఇప్పటికే నడుస్తోంది కాబట్టి మూడేళ్లు ఉన్నాయి కదా అని కూర్చోకూడదు. సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు నమోదు కోసం వేసే సీఎస్‌ఆర్-1 ఫారానికీ 12ఏబీ, 80జీ రెండూ కావాలి. మీలాంటి బయటి సంస్థకు అలాంటి పనిలో కనీసం 3 ఏళ్ల అనుభవం ఉండాలి, దానికి రుజువు పైన చెప్పిన సమకూర్పు పట్టిక, ఇకపై రాసే సేవల రిజిస్టరు.

ప్రతి వోచర్ మీదా కార్యక్రమం పేరు, తేదీ రాసి, సేవల రిజిస్టర్ పేజీ నంబర్ వేయండి. జూన్ ట్రైనింగ్‌కు 25 మందికి భోజనాల బిల్లు ఉండి, హాజరులో 14 సంతకాలే ఉంటే ఆడిటర్ పట్టుకునేది అక్కడే. విరాళాల క్యూఆర్ కోడ్ కార్యదర్శి సొంత ఖాతాకు ఉంటే ఈ రోజే తీసేయండి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే అది ధర్మకార్యానికి ఖర్చు కింద లెక్కకు రాదు. థెరపిస్టు ఫీజు ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30,000). టీడీఎస్ కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం కొట్టేస్తారు.

విరాళాల వివరాలతో ఫారం 10బీడీ మే 31లోగా వేసి, దాతలకు 10బీఈ విరాళ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యానికి రోజుకు 200. రశీదు రాసేటప్పుడే పాన్ తీసుకోండి, మేలో ఫోన్లు చేస్తే దొరకదు. 2,000 దాటిన నగదు విరాళానికి 80జీ రాదు. బొమ్మలు, వీల్‌చైర్ల వంటి వస్తురూప దానాలకూ రాదు, వాటిని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి ధన్యవాద పత్రం ఇవ్వండి చాలు. పుస్తకాలు, వోచర్లు 10 ఏళ్లు దాచాలి, అది కూడా అసెస్‌మెంట్ ఇయర్ ముగిసినప్పటి నుంచి. థర్మల్ కాగితం బిల్లులు ఏడాదిలో తెల్లబడతాయి, వచ్చినరోజే జిరాక్స్ తీసి జత చేయండి.

జనరల్ బాడీ అయ్యాక కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు ఏటా ఇస్తున్నారా? పాత కమిటీ పేర్లే ఉండిపోతే బ్యాంకులో సంతకాల మార్పు దగ్గర చిక్కుతారు.

గుణదల_పేరెంట్స్:
చాలా థాంక్సండీ. మూడు సందేహాలు. సీఎస్‌ఆర్‌లో ఆఫీసు ఖర్చు 5 శాతమే అని, అద్దె కూడా అందులోనే అని అంటున్నారు, నిజమేనా? వాళ్లు పిల్లల పేర్లు, ఫొటోలు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా? సర్కారు గ్రాంటుకు వెళ్లొచ్చా?

బ్రాడీపేట_పద్దులు:
ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడపడానికి పెట్టుకునే ఖర్చుకు పరిమితి, మీకు కాదు. సెంటర్ అద్దె, కో-ఆర్డినేటర్ జీతం కార్యక్రమం ఖర్చే, బడ్జెట్‌లో ఆ పేరుతోనే చూపించండి. ‘ఇతరములు’ అని రాస్తే మాత్రం కోసేస్తారు, కోయాలి కూడా.

కేస్‌ఫైల్:
పేర్లు ఇవ్వొద్దు. కుటుంబం నంబర్, వయసు, వైకల్యం రకం, మండలం, ఇవి చాలు. ఫైలు చూస్తామంటే సెంటర్‌కే వచ్చి, తల్లిదండ్రులు ఒప్పుకున్న రెండు మూడు చూడమనండి. 2023 డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఫొటోకు విడిగా, తెలుగులో సమ్మతి పత్రం తీసుకోండి. అడ్మిషన్ ఫారంలోనే ఒక మూల ఇరికిస్తే అది సమ్మతి కాదు. ‘వద్దు’ అన్నవాళ్లకు సేవ ఆగదని అందులో రాసి ఉండాలి. పాత వాట్సాప్ ఎక్స్‌పోర్ట్ కూడా లాక్ ఉన్న ఫోల్డర్‌లోకి, అందులో మెడికల్ రిపోర్టులు ఉంటాయి.

ఏడీ_ఆఫీసు_చుట్టూ:
గ్రాంటు సంగతి నేను చెప్తా. ముందు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద సంస్థ నమోదు సర్టిఫికెట్ ఉండాలి. విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ జిల్లా ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో కనుక్కోండి. మీ బైలాలో పాత కృష్ణా జిల్లా అని ఉండి, చిరునామా 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చి ఉంటే అన్ని కాగితాల్లో ఒకేలా రాయించండి, పేరు తేడా వస్తే ఫైలు వెనక్కి వస్తుంది.

కేంద్రం ఇచ్చే దీనదయాళ్ దివ్యాంగ పునరావాస పథకానికి దరఖాస్తు ఈ-అనుదాన్ వెబ్‌సైట్‌లో. సలహా కేంద్రం అనే పేరుతో వెళ్తే పథకంలో గడి దొరకదు, చిన్నపిల్లల ముందస్తు జోక్యం (ఎర్లీ ఇంటర్వెన్షన్), ప్రీస్కూల్ వైపు మీ పని ఎంత ఉందో చూసుకోండి. స్పెషల్ ఎడ్యుకేటర్లకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు నంబర్ ఉండాలి. గ్రాంటు డబ్బుకు విడి ఖాతా తీయండి. దాని మీద పడిన వడ్డీ మీది కాదు, లెక్క చూపి తిరిగి కట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లో కేంద్ర ఆర్థిక నియమాల 12-ఏ నమూనాలో వినియోగ పత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో చూపేది) పంపాలి, అది వెళ్లకపోతే తర్వాతి విడత కదలదు.

డబ్బు ఆలస్యమై తల్లిదండ్రులు చేతి నుంచి పెట్టుకునే సందర్భాలు వస్తాయి. దాన్ని విరాళమని రాయాలా, చేబదులని రాయాలా అన్నది డబ్బు ఖాతాలో పడిన రోజే తేల్చుకుని తీర్మానం రాయండి. గ్రాంటు వచ్చాక విరాళాన్ని చేబదులుగా మార్చి తిరిగి ఇస్తే, అది సభ్యులకు లాభం పంచినట్టు కనిపిస్తుంది.