ఆటోమేషన్ ఆటలో పాత ఇంజన్‌నే సవరించుకుంటూ పోవాలా, కొత్తది రూపొందించుకోవాలా?

గేర్‌బాక్స్_గుంటూరు
కార్లు, ఇంజన్లు రూపొందిస్తూ కార్ల కంపెనీని నడిపే కంప్యూటర్ గేమ్ ఆటోమేషన్‌లో కంపెనీని 1946లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపేవారు, తొలినాటి ఇంజన్ ఫ్యామిలీకే (మూల డిజైన్‌కే) ఎప్పటికప్పుడు కొత్త వేరియంట్లు (సవరించిన రూపాలు) చేసుకుంటూ పోవడం మంచిదని నా అభిప్రాయం. కొత్త ఫ్యామిలీ అంటే ఇంజనీరింగ్‌కు మళ్లీ ఏళ్లు పడుతుంది, ఫ్యాక్టరీలో టూలింగ్ (తయారీ యంత్రాలు, అచ్చుల) ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. విభేదించేవారు కారణాలతో చెప్పాలని కోరుతున్నాను.

క్రాంక్‌షాఫ్ట్
విభేదిస్తున్నాను. వేరియంట్‌లో పిస్టన్లు, కంప్రెషన్, క్యామ్ ప్రొఫైల్ (వాల్వులను తెరిచే క్యామ్ ఆకారం) మార్చుకోవచ్చు, కార్బురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టుకోవచ్చు, టర్బో కూడా తగిలించుకోవచ్చు. కానీ బ్లాక్ లోహం, వాల్వుల అమరిక, బోర్ (సిలిండర్ వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) గరిష్ఠ పరిమితి ఫ్యామిలీ దగ్గరే ఖరారైపోతాయి. 1946లో పుష్‌రాడ్ (కింద బ్లాక్‌లోని క్యామ్ కడ్డీలతో వాల్వులను తెరిచే పద్ధతి) ఎంచుకున్నవారికి 1985లోనూ పుష్‌రాడే దిక్కు. అప్పటికి పోటీ కంపెనీలు సిలిండర్‌కు నాలుగేసి వాల్వులతో వస్తుంటే, ఎంత ఖరీదైన ఇంజెక్షన్ పెట్టినా పై ఆర్‌పీఎమ్‌లో ఊపిరి ఆడదు. మిగిలిందనుకున్న టూలింగ్ డబ్బు అమ్మకాల్లో పోతుంది.

పాతబండి_ప్రేమికుడు
క్రాంక్‌షాఫ్ట్ గారు చెప్పిన పరిమితులు నిజమే అయినా, అవి పాత డిజైన్ తప్పు కావు, మొదటి రోజు చోటు వదలకపోవడం వల్ల వచ్చినవి. షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8నే చూడండి. 1955లో 265 ఘనపు అంగుళాలతో మొదలై, పక్కపక్క సిలిండర్ల కేంద్రాల మధ్య 4.4 అంగుళాల దూరాన్ని మార్చకుండానే 1970 నాటికి 400కు చేరింది. అయితే ఆ 400లో సిలిండర్ గోడలను ఒకదానితో ఒకటి కలిపేయాల్సి వచ్చింది, వాటి మధ్య నీరు పారే సందు లేకుండా పోయింది. ఆ బ్లాక్‌లో ఉన్న చోటంతా వాడేశారన్నమాట. అందుకే ఆటలో ఫ్యామిలీకి బోర్ పెద్దదిగా పెట్టి, మొదటి వేరియంట్‌లో తగ్గించి వాడుకోవాలంటాను.

క్రాంక్‌షాఫ్ట్
ఆ చోటుకు మొదటి కారే మూల్యం చెల్లిస్తుంది కదా! వేరియంట్‌లో బోర్ తగ్గించినా బ్లాక్ పరిమాణం, బరువు తగ్గవు. చేతిలో డబ్బు లేని 1946లో చిన్న కారు అమ్ముకుని బతకాల్సిన కంపెనీకి అది మోయలేని బరువు, పైగా చిన్న బాడీలో ఆ ఇంజన్ పట్టకపోవచ్చు కూడా.

గేర్‌బాక్స్_గుంటూరు
ఇంజన్ విషయంలో మీ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. అల్యూమినియం, ఓవర్‌హెడ్ క్యామ్ (పైన వాల్వుల దగ్గరే ఉండే క్యామ్) అందుబాటులోకి వచ్చాక ఒకసారి కొత్త ఫ్యామిలీ చేయక తప్పదు. అసలు ప్రమాదం బాడీ, ఛాసిస్‌లను పట్టుకుని వేలాడటంలో ఉందని నాకనిపిస్తుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన మన అంబాసిడర్‌కు 1990ల తొలి ఏళ్లలో 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్ పెట్టారు, బండి వేగం పుంజుకుంది. కానీ బాడీ మాత్రం 2014లో ఉత్పత్తి ఆగేవరకూ దాదాపు అదే. మారుతి 800 వచ్చాక సొంత కారు కొనుక్కునేవారు అటు మళ్లితే, ఆ ఇంజన్ వారిని వెనక్కి తీసుకురాలేకపోయింది. ఆటలోనూ సస్పెన్షన్ రకం, ఛాసిస్ లోహం ప్లాట్‌ఫామ్‌తోనే (బాడీ, ఛాసిస్‌ల మూల డిజైన్‌తోనే) ముడిపడి ఉంటాయి కాబట్టి, ట్రిమ్‌లో (దానిపై చేసే కారు రూపంలో) ఎంత మంచి సీట్లు, బ్రేకులు వేసినా ఆ లోటు తీరదు. ఒకేసారి రెండింటికీ డబ్బు చాలనప్పుడు ముందు ప్లాట్‌ఫామ్ మార్చి, పాత ఇంజన్‌కు మరో వేరియంట్ చేస్తాను.