రిమాండ్‌లో ఉన్న తమ్ముణ్ని వేరే జిల్లా జైలుకు మార్చారు, ఏం చేయాలి?

ప్రశ్న (చిత్తూరు): ఎన్నికల గొడవల్లో మా ఊళ్లో రెండు వర్గాల వాళ్లనూ అరెస్టు చేశారు. మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు, చార్జిషీటు ఇంకా వేయలేదు. ములాఖత్‌కు పోతే "కడపకు పంపేశాం" అన్నారు. మాకు గానీ లాయరుకు గానీ ఒక్క మాట చెప్పలేదు. అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. ఇట్లా మార్చొచ్చా?

జవాబు (తిరుపతి, వకీలు): అక్కా, ఎందుకు మార్చారో ముందు కనుక్కోండి. వేరే కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసులో తన ముందు హాజరుపరచమని కోర్టు ఇచ్చే ఆదేశం) మీద తీసుకుపోయారా, లేక జైలు వాళ్లే మార్చారా? పీటీ వారెంట్ అయితే దాన్ని ఇచ్చిన కోర్టులోనే చూసుకోవాలి. జైలు వాళ్లే మార్చివుంటే మీకు గట్టి ఆధారం ఉంది. రిమాండ్ వారెంట్ మీద ఏ జైల్లో ఉంచాలో రాసి ఉంటుంది. కోర్టు అనుమతి లేకుండా దాన్ని మార్చడానికి లేదు. ముంబయి రైలు పేలుళ్ల కేసు నిందితులను ఆర్థర్ రోడ్ జైలు నుంచి తరలించినప్పుడు సుప్రీంకోర్టు 2012లో ఈ సంగతి తేల్చింది. జైలు వాళ్లు అడిగారని కోర్టు ఊరికే ముద్ర వేయకూడదు, ఖైదీ మాట కూడా వినాలి అంది.

రేపే రిమాండ్ ఇచ్చిన కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి, మార్చమన్న ఆర్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే వెంటనే పిటిషన్ వేయించండి. దూరం ఒక్కటే చెప్తే నిలవదు. లాయరుతో మాట్లాడే వీలు పోయిందని, వాయిదాలకు తీసుకురావడం కష్టమని రాయించండి. వర్గాల మధ్య కొట్లాట భయంతో మార్చామని వాళ్లు అంటే కోర్టు ఒప్పుకోవచ్చు. అందుకే దగ్గరి జైల్లో వేరే బ్యారక్ అయినా ఇవ్వమని అందులోనే అడగండి.

ఇంకొకరు: శిక్ష పడిన వాళ్లకూ ఇదేనా సార్? తమిళనాడులోని వేలూరు జైలు మాకు కడప కన్నా దగ్గర.

జవాబు: కాదు తమ్ముడూ. శిక్ష పడ్డవాళ్లను రాష్ట్రం దాటించాలంటే 1950 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. ముందస్తు నిర్బంధం, అంటే విచారణ లేకుండానే జైల్లో పెట్టడం, దాని దారి వేరు. కశ్మీర్‌లో ప్రజా భద్రతా చట్టం కింద పట్టుకున్న అక్కడి శాశ్వత నివాసులను రాష్ట్రం బయట ఉంచకూడదని ఒక నిబంధన ఉండేది. 2018లో దాన్ని తీసేశారు. 2019 ఆగస్టు తర్వాత ఎంతోమందిని ఆగ్రా జైలుకు తరలించారు. అంత దూరం పోయి బిడ్డను చూసొచ్చే స్తోమత ఎన్ని ఇళ్లకు ఉంటుంది? నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ప్రశ్న అడిగినవారు: సార్, కొత్త లాయరును పెట్టుకోవాలంటే?

జవాబు: వకాల్తా (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద మీ తమ్ముడు సంతకం పెట్టాలి, జైలు అధికారి దాన్ని ధ్రువీకరించాలి. ఖర్చు భరించలేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి, ఖైదీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆన్‌లైన్ ములాఖత్ సేవ ఈ-ములాఖత్‌లో పేరు నమోదు చేసి, అమ్మకు వీడియోలో చూపించండి. ఈ హడావుడిలో చార్జిషీటు గడువు మర్చిపోవద్దు. సెక్షన్లను బట్టి 60 లేదా 90 రోజులు. ఆలోగా చార్జిషీటు వేయకపోతే, గడువు దాటిన మర్నాడే బెయిలు పిటిషన్ పడాలి.