లాగోస్ నత్తల్లో సీసం, కాడ్మియం: ఉడికిస్తే పోతాయా?

ఇకెజా గోదారోడు:
అందరికీ నమస్తే. లాగోస్ వచ్చాక ఇక్కడి పెద్ద నేల నత్తలు బాగా అలవాటయ్యాయి, పెప్పర్ సూప్‌లో వేస్తే మన చెరువు నత్తల కూర కూడా దిగదుడుపే (మా అమ్మ ఇది చదవదు కాబట్టి చెప్తున్నా). మొన్న ఆఫీసులో ఒకాయన, రోడ్ల పక్కన, చెత్త కుప్పల దగ్గర ఏరినవైతే సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు ఉంటాయన్నాడు. అప్పట్నుంచి టెన్షన్. పటిక, నిమ్మకాయ పట్టించి జిగురు పోయేదాకా కడిగి ఉడికిస్తాం కదా, అయినా ఉంటాయా? నాలుగేళ్ల పాప కూడా తింటుంది.

సాయిల్ ల్యాబ్ బాబాయ్:
ఉంటాయి. పటికతో జిగురు పోతుంది, ఉడికిస్తే క్రిములు చస్తాయి, లోహం మాత్రం ఎక్కడికీ పోదు. నత్త రోజంతా నేలనంటుకునే పాకుతుంది, ఆకులతో పాటు మట్టీ తింటుంది. లోపలికెళ్లిన కాడ్మియంను ఒక ప్రొటీన్‌తో కట్టేసి జీర్ణగ్రంథిలో దాచేసుకుంటుంది, అందుకే దానికేమీ కానట్టే తిరుగుతుంది. యూరప్‌లో నేల ఎంత పాడైందో తెలుసుకోవడానికి బోనుల్లో నత్తల్ని పెట్టి చూస్తారు కూడా. గుల్లలోంచి లాగినప్పుడు గట్టి కండ వెనకాల మెత్తగా, ముదురు రంగులో చుట్టలా వస్తుందే, అది మొత్తం కోసి పారేయండి. కాడ్మియం ఎక్కువగా అక్కడే ఉంటుంది. కండలో అసలుండదని కాదు.

సురులేరే అక్క:
రెండు మూడు రోజులు పస్తు పెడితే చాలని మార్కెట్లో అమ్మే ఆవిడ చెప్పిందే?

సాయిల్ ల్యాబ్ బాబాయ్:
పేగుల్లో మట్టి పోతుందమ్మా, పెట్టండి, మంచిదే. గ్రంథిలో చేరింది మాత్రం అలా పోదు.

నైజా పాతకాపు:
తమ్ముడూ, ఫారం నత్తలు కొను. అలాగని ఫారం అనగానే పడిపోకు, మేత ఎక్కడిది, మట్టి ఎక్కడిది అని అడుగు. లాగోస్ పక్కనే ఉన్న ఓగిజో వైపు పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలున్నాయి, అలాంటి చోట్ల పెరిగినవి చవగ్గా వచ్చినా వద్దు. 2010లో ఇదే దేశంలో, ఉత్తరాన ఉన్న జాంఫారా రాష్ట్రంలో సీసం వల్ల 400 మంది దాకా పిల్లలు పోయారు. అక్కడ కారణం నత్తలు కాదులే, బంగారం కోసం ఖనిజం దంచినప్పుడు లేచిన దుమ్ము. కానీ చిన్నపిల్లలకి సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే లెక్కే లేదు. పాపకి కొన్నాళ్లు ఆపెయ్, అనుమానముంటే రక్తంలో సీసం పరీక్ష చేయించు.

ఇకెజా గోదారోడు:
థాంక్స్ అన్నా, పాపకి ఆపేశాం. ఇంకో డౌటు, కోసేసిన ఆ చుట్ట కుక్కకి వేయొచ్చా?

సాయిల్ ల్యాబ్ బాబాయ్:
వద్దు బాబూ, కాడ్మియం పోయి చేరేది కిడ్నీల్లోనే, అవి కుక్కకీ ఉన్నాయి.