నాలుగు కంప్యూటర్ల ఇంటికి ఏ యాంటీవైరస్ కొనాలి?

గట్టుమీద:
మా ఇంట్లో నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి. నాన్నగారి పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. పింఛను, బ్యాంకు, పంచాంగం అన్నీ ఆయన అందులోనే చూసుకుంటారు. నా ల్యాప్‌టాప్ ఆఫీసువారిది. మా ఆవిడ ఇంటి దగ్గరే ఉండి నాలుగైదు దుకాణాల లెక్కలు ట్యాలీలో రాస్తుంది, ఆమెది విండోస్ 11. అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, వాడి ల్యాప్‌టాప్‌లో ఏముందో వాడికే తెలియాలి.

వారం నుంచి నాన్నగారి తెర మీద కుడివైపు మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని గంటకోసారి వస్తోంది. దుకాణంలో అడిగితే క్విక్ హీల్, కె7 రెండూ చూపించి, ఐదు కంప్యూటర్లకు మూడేళ్ల ప్యాక్ తీసుకోమన్నారు. ఏది మంచిదో చెప్పగలరు.

పాత మౌస్:
డబ్బు కట్టకముందే అడిగారు, సంతోషం. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ముందు లెక్కలోంచి తీసేయండి. అందులో వారే ఏదో ఒకటి వేసి ఉంటారు. దాని మీద మరొకటి వేస్తే రెండూ ఒకే ఫైలు కోసం పోట్లాడుకుని యంత్రాన్ని నత్తనడక నడిపిస్తాయి.

మిగతా మూడింటిలో మైక్రోసాఫ్ట్ వారి సొంత యాంటీవైరస్ డిఫెండర్ విండోస్‌తో పాటే వచ్చి ఉంటుంది. ఒకప్పుడు దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు, నేనూ ఎగతాళి చేసినవాణ్ణే. ఇప్పుడు జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ సంస్థలు జరిపే పరీక్షల్లో అది కొనుక్కునేవాటి సరసనే నిలుస్తోంది.

నాన్నగారికి వచ్చే హెచ్చరిక బహుశా వైరస్ కాదు. ఏదో సైటు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే ఆయన సరే అని నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగులలో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి అనుమతి ఉన్న పేర్లన్నీ తీసేయండి. ఆ హెచ్చరికను మాత్రం ఎప్పుడూ నొక్కవద్దు. అందులో ఫోను నంబరు కనిపిస్తే అసలు చేయవద్దు.

ఆ డెస్క్‌టాప్‌కు అసలు చిక్కు వేరే ఉంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త వైరస్‌ల వివరాలు డిఫెండర్‌కు 2028 అక్టోబరు దాకా అందిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కానీ, విండోస్‌లోనే బయటపడే లొసుగులను ఇక మామూలుగా పూడ్చదు. వాకిట్లో కాపలావాడు ఉన్నాడు సరే, పెరటి గోడకు కన్నం పడితే? 2017 మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ అలాగే దూరింది. ఆ లొసుగుకు మార్చిలోనే అప్‌డేట్ వచ్చినా వేసుకోనివారు దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా సోకింది. ఐదు కంప్యూటర్ల ప్యాక్ కొన్నంత మాత్రాన ఆ కన్నం పూడదు. ఆ యంత్రం విండోస్ 11కు పనికివస్తుందేమో చూడండి. పనికిరాకపోతే విండోస్ అప్‌డేట్ పేజీలోనే పొడిగింపు నమోదు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేస్తే రుసుము లేకుండానే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి.

సగం షట్టర్:
నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. పై జవాబులో చాలావరకు ఒప్పుకుంటాను కానీ, అందరికీ డిఫెండర్ చాలు అంటే ఒప్పుకోను. ట్యాలీ రాసే అమ్మగారి దగ్గరికి పెన్‌డ్రైవ్‌లు వస్తాయి కదా? అవి ఎన్ని జిరాక్స్ షాపులు తిరిగి వస్తాయో మీకు తెలియదు. ఫైళ్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయని నా దగ్గరికి వచ్చేవారిలో లెక్కలు రాసేవారే ఎక్కువ. (కంగారుపడి ఫార్మాట్ చేయకండి. అసలు ఫైళ్లు తరచుగా అందులోనే దాగి ఉంటాయి.) ఆ ఒక్క కంప్యూటరుకు కొనండి, అదీ ఒక్క ఏడాదికే. చెడినప్పుడు ఫోను చేస్తే పలికే మనిషి ఉండడం కూడా ఆ ధరలో భాగమే. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం కార్డు నుంచి ఏటా దానంతట అదే డబ్బు తీసుకునే ఏర్పాటును అప్పుడే ఆపేయండి. మొదటి ఏడాది ధర చూసి మురిసినవారు రెండో ఏడాది బిల్లు చూసి ఉలిక్కిపడతారు.

పాత మౌస్:
పెన్‌డ్రైవ్‌ల మాట నిజమే, నాకు తట్టలేదు. అయితే ఒక సంగతి. మరొక యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, దానితో పాటు ఫోల్డర్లకు కాపలా కాసే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఆగిపోతుంది. కాబట్టి కొనేదానిలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) రక్షణ ఉందో లేదో అడిగి తీసుకోండి. ఏది కొన్నా ట్యాలీ డేటాను రోజూ సాయంత్రం బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, ఆ తీగ ఊడదీసి బీరువాలో పెట్టమనండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. ఇక అబ్బాయి దగ్గర దొంగ సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి. "ముందు యాంటీవైరస్ ఆపండి" అని చెప్పి ఎక్కించుకునే ప్రోగ్రాముకు ఏ కంపెనీ ప్యాకూ అడ్డుపడలేదు.

గట్టుమీద:
చెప్పినవన్నీ చేశాను. నాన్నగారి జాబితాలో పదకొండు సైట్లు తేలాయి, తీసేశాక ఐదు వైరస్‌లూ మాయమయ్యాయి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి ఆ డెస్క్‌టాప్ విండోస్ 11కు పనికిరాదట, పొడిగింపు నమోదు చేశాను. మా ఆవిడకు ఒక్క కంప్యూటరుకు, ఒక్క ఏడాదికి కొన్నాం. అబ్బాయి ల్యాప్‌టాప్‌లో డిఫెండర్ నిజంగానే ఆపి ఉంది. ఏదో ఆట కోసమట. ఆట తీయించి పూర్తి స్కాన్ పెట్టించాను.

ఒకటే మిగిలింది. పొద్దున్నే రాశిఫలాలు రావడం లేదని నాన్నగారు అడుగుతున్నారు. ఆ పదకొండులో అదీ ఒకటి.

పాత మౌస్:
దానికి మళ్లీ అనుమతి ఇవ్వకండి. బుక్‌మార్క్ పెట్టి చూపించండి, చాలు.