సింగిల్ షాట్ రైఫిల్‌కు స్కోపు: హ్యామర్‌కు చోటు చాలడం లేదు

ప్రశ్న: బ్యారెల్‌ను కిందికి వంచి తూటా పెట్టే నా రైఫిల్‌కు 3-9×40 స్కోపు (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపే గురి దుర్బిణి) బిగించాను. ఇప్పుడు హ్యామర్‌ను (తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం) లాగబోతే బొటనవేలు ఐపీసుకు, అంటే స్కోపులో కన్ను పెట్టే చివరకు తగులుతోంది. నిన్న వేలు జారి హ్యామర్ ముందుకు పడింది. ఖాళీ రైఫిల్ కాబట్టి ప్రమాదం తప్పింది. స్కోపును పట్టి ఉంచే రింగులు ఎత్తైనవి వాడాలా?

జవాబు 1: వద్దండి. స్కోపు పైకి వెళ్లేకొద్దీ చెంప బట్‌పై ఆనదు, గురి చూసిన ప్రతిసారీ తల ఒకే చోట నిలవదు. హ్యామర్‌కు పక్కగా పొడుచుకు వచ్చే స్పర్ ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, చిన్న స్క్రూతో బిగుస్తుంది. దాన్ని అమర్చి, తూటా లేకుండా బాగా సాధన చేశాకే బయటికి తీసుకెళ్లండి.

జవాబు 2: ఐ రిలీఫ్ (కంటికీ ఐపీసుకూ మధ్య ఉండాల్సిన దూరం) కూడా చూసుకోండి. ఈ రైఫిళ్లు తేలికగా ఉంటాయి కాబట్టి వెనుకపోటు గట్టిగా తగులుతుంది. 9 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్న స్కోపు కనుబొమను చీల్చగలదు. రూగర్ నంబర్ 1 అనే సింగిల్ షాట్ రైఫిల్‌లోనైతే రింగులు బ్యారెల్‌పై ఉన్న రిబ్‌కే (పట్టీకే) బిగుస్తాయి, అందువల్ల స్కోపు ముందుకు ఉండిపోతుంది, అక్కడ ఇంకాస్త ఎక్కువ ఐ రిలీఫ్ కావాలి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, తర్వాత తెరవండి. అంచుల్లో నల్లని నీడ కనిపిస్తే రింగులు వదులు చేసి స్కోపును కొద్దికొద్దిగా జరపండి.

ప్రశ్న అడిగినవారు: నీడ నిజంగానే కనిపించింది, ఒక సెంటీమీటరు వెనక్కి జరిపాక పోయింది. స్క్రూలు ఎంత బిగించాలి?

జవాబు 2: తయారీదారు ఇచ్చిన అంకెనే పాటించండి, రింగు స్క్రూలకు అది తరచుగా 15-20 అంగుళ-పౌండ్లు (బిగింపు బలానికి కొలత) ఉంటుంది. చేతి అంచనా నమ్మవద్దు, ఎక్కువైతే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది.