పది అయిపోయింది, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లాలని ఉంది, బాబాయి వద్దంటున్నాడు

ఫ్యాట్_ఆరున్నర:

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోకండి. నాకు పదహారేళ్లు, మాది అద్దంకి దగ్గర ఒక పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను, మొన్న పదిలో 571 వచ్చాయి. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్‌లో పైడ్రాయిడ్ అనే యాప్ వేసుకుని ఏడాదిగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను, చిన్న స్క్రీన్ మీద కోలన్ మర్చిపోయి అరగంట వెతుక్కున్న రోజులున్నాయి.

మా అమ్మ ఊళ్లో పాల కేంద్రం నడుపుతుంది. 43 మంది పాలు పోస్తారు. పొద్దున, సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ (వెన్న శాతం) ఎంత అనేది పుస్తకంలో రాసుకుని పదిహేను రోజులకోసారి బిల్లులు వేస్తుంది. మా దగ్గర ఫ్యాట్ ఒక్కటే చూస్తారు, లీటరుకి ఒక్కో పాయింటుకి ఏడున్నర రూపాయలు. బిల్లులేసే రెండు రోజులూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాలి. ఆ పని తగ్గిద్దామని నేనో ప్రోగ్రాం రాశాను. అమ్మ మాత్రం దాన్ని నమ్మడం లేదు. ఎందుకంటే నా లెక్కకీ ఆవిడ లెక్కకీ ప్రతి ఒక్కరి దగ్గరా తేడా వస్తోంది, ఒకరికి 1.20, ఒకరికి 1.60, ఇంకొకరికి 1.90, ఎప్పుడూ అమ్మ లెక్కే ఎక్కువ. ఒకాయనకి మాత్రం తిరగబడి నా లెక్క 13 రూపాయల చిల్లర ఎక్కువ వచ్చింది. ఏఐకి కోడ్ మొత్తం ఇచ్చి అడిగితే కోడ్‌లో తప్పేమీ లేదంది.

అసలు విషయం ఇది కాదు. బాబాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది, అప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నాడు. నువ్వు చదువు ముగించి వచ్చేసరికి ఆరేళ్లు పడుతుంది, అప్పటికి కోడింగ్ అంతా ఏఐ చేసేస్తుంది, కంప్యూటర్ సైన్స్ మాట ఎత్తకు, ఈఈఈ తీసుకో లేదా బైపీసీ చదువు అంటున్నాడు. ఆయన మాట కొట్టిపారేయలేను, ఆయన చూసొచ్చిన మనిషి. నాన్న విజయవాడలో ఎంపీసీ హాస్టల్ అంటున్నాడు, ఫీజు అడిగొచ్చి రెండు రోజులు మౌనంగా ఉన్నాడు. లెక్కలంటే నాకు ఇష్టం, కెమిస్ట్రీ అంటే ఏడుపు. ఏం చేయమంటారు?

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

తమ్ముడూ, ముందు నీ బిల్లు సంగతి చూద్దాం, అది తేలితే మిగతాది తేలిక. పైథాన్‌లో 0.1 + 0.2 అని కొట్టి చూడు. 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ అన్నిటినీ సున్నాలూ ఒకట్లలో దాచుకుంటుంది, ఆ పద్ధతిలో 0.1 ఎప్పటికీ పూర్తిగా తెగదు, మనకి ఒకటిని మూడుతో భాగిస్తే తెగనట్టే. ఇంకోటి, round(2.675, 2) అని కొట్టు. 2.68 కదా రావాలి, 2.67 వస్తుంది, కారణం అదే. డబ్బు లెక్కల్లో దశాంశాలు వాడకు, అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలతో చెయ్యి, చివర్లో వందతో భాగించి చూపించు. మొదటి ఉద్యోగంలో నేను తిన్న మొదటి తిట్టు దీని మీదే.

ఇక ఉద్యోగాలు. పద్నాలుగేళ్లుగా ఇందులో ఉన్నాను, నీకు తియ్యగా చెప్పను. మీ బాబాయి భయం ఉత్తది కాదు. మా టీమ్‌లో రెండేళ్ల క్రితం ఐదుగురు ఫ్రెషర్లు చేసిన పని ఇప్పుడు ఇద్దరు చేస్తున్నారు. ఎవరో డాక్యుమెంట్‌లో అంతా రాసిస్తే దాన్ని జావాలోకి దించే పని, టెస్ట్ కేసులు రాసే పని, అదే ముందు పోతోంది. ఊళ్లకి ఊళ్లు సాఫ్ట్‌వేర్ అయింది ఆ పని మీదే, కాబట్టి దెబ్బ మనకే గట్టిగా తగులుతోంది. ఏదో ఒక ఇంజనీరింగ్, ఆ పైన మూడు నెలలు అమీర్‌పేటలో కోచింగ్, తర్వాత ఉద్యోగం అనే దారి మూసుకుపోయింది అనుకో. నువ్వు ఆ దారిలో వద్దామనుకుంటే బాబాయి మాట విను.

ఎవరూ అడక్కుండా అమ్మ బిల్లు కోసం ప్రోగ్రాం రాసినవాడివి నువ్వు ఆ దారి మనిషివి అనిపించడం లేదు, అంతే.

ఫ్యాట్_ఆరున్నర:

థాంక్యూ అన్నా, 0.1 + 0.2 చూశాను, నిజంగానే అలా వచ్చింది! నేను తమ్ముడు కాదు, చెల్లిని.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

అయ్యో, సారీ చెల్లీ. పాతికేళ్లుగా ఫోరమ్‌లలో అందరం చేసే తప్పే నేనూ చేశాను.

లెక్కల_మాస్టారు:

నైట్‌షిఫ్ట్ గారు చెప్పింది నిజమే, కానీ ఈ అమ్మాయి జబ్బుకి అది మందు కాదు. ఆ దశాంశాల తేడా పదిహేను పదహారు అంకెల తర్వాత వస్తుందండీ, ముప్పై సార్లు కూడినా పైసాలో వెయ్యో వంతు కూడా కాదు. రూపాయిన్నర ఎక్కడి నుంచి వస్తుంది?

అమ్మాయ్, నువ్వే రాశావు చూడు, ఎప్పుడూ అమ్మ లెక్కే ఎక్కువ అని. అసలు ఆధారం అదే. రోజుకి రెండు పూటలు, పదిహేను రోజులకి ముప్పై పూటలు. నువ్వు ముప్పై కూడాక చివర్లో ఒక్కసారి చిల్లర సర్దుతున్నట్టుంది. మీ అమ్మగారు ప్రతి పూటా సర్దుతున్నారేమో. మామూలుగా దగ్గర్లో ఉన్న పది పైసలకి సర్దితే కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి చాలావరకు ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎప్పుడూ ఒకవైపే వస్తోందంటే ఆవిడ పైకే సర్దుతున్నారని. పూటకి పది పైసల లోపు, ముప్పై పూటలకి మూడు రూపాయల లోపు, సగటున రూపాయిన్నర దగ్గర తేలాలి. నీ 1.20, 1.60, 1.90 అక్కడే తిరుగుతున్నాయి కదా. వెళ్లి అమ్మని అడుగు. ఆ పదమూడు రూపాయలాయనది ఈ కథ కాదు, ఆయన పేజీ విడిగా చూడు.

ఏఐ నీ కోడ్‌లో తప్పు లేదంది, నిజమే, తప్పు లేదు. మీ అమ్మ చిల్లర ఎటు సర్దుతుందో దానికెలా తెలుస్తుంది? నువ్వూ చెప్పలేదు, నీకూ తెలియదు. బాబాయి అడిగే ప్రశ్నకి నేను ఇచ్చే జవాబు ఇదే అనుకో.

చదువు విషయం. నేను ఇంటర్‌కి లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలే, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, నెగెటివ్ మార్కులు లేవు. అంటే నీలాంటి పిల్లకి కెమిస్ట్రీ గోడ అంత ఎత్తేం కాదు. అలాగని వదిలేయకు, ఆంధ్రాలో ర్యాంకుకి ఇంటర్ మార్కుల్లోంచి కూడా 25 శాతం కలుపుతారు. జేఈఈ మెయిన్ అయితే మూడూ సమానం, అక్కడ తప్పించుకోలేవు. కంప్యూటర్ సైన్స్‌లో లోపలికి వెళ్లేకొద్దీ నీకు పనికొచ్చేది ప్రస్తారాలు సంయోగాలు, సంభావ్యత, మాత్రికలు, గణితానుగమనం. పిల్లలు వీటిని ఫార్ములా బట్టీ కొట్టి పరీక్ష అవగానే మర్చిపోతారు, తర్వాత థర్డ్ ఇయర్‌లో అల్గారిథమ్స్ క్లాసులో కూర్చుని పైకప్పు చూస్తారు.

ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. జోనల్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పాత పేపర్లు దాన్ని నడిపే ఐఏఆర్‌సీఎస్ వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటికి కంప్యూటరే అక్కర్లేదు, పెన్నూ పేపరూ చాలు. ఒక్కో లెక్క మీద గంట కూర్చో. రాకపోయినా ఫర్వాలేదు, ఆ గంట విసుగ్గా గడిచిందా, తెలియకుండా గడిచిందా అన్నది చూసుకో.

నూజివీడు_పాతబ్యాచ్:

చెల్లీ, 571 తెచ్చుకుని, గవర్నమెంట్ స్కూల్లో చదివి, విజయవాడ హాస్టల్ గురించి ఎందుకు ఆలోచిస్తున్నావు? ట్రిపుల్ ఐటీకి అప్లై చెయ్యి. ఆర్‌జీయూకేటీ అన్నమాట, 2008లో పెట్టారు, మన వైపు నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు, తెలంగాణలో బాసర. ఎంట్రన్స్ ఉండదు, పది మార్కుల మీదే సీటు. జిల్లా పరిషత్ స్కూలు కాబట్టి నీ మార్కులకి 4 శాతం డిప్రివేషన్ స్కోర్ కూడా కలుస్తుంది. ఆరేళ్లు అక్కడే, రెండేళ్లు పీయూసీ అంటే ఇంటర్ లాంటిది, నాలుగేళ్లు బీటెక్. చాలామంది దీన్ని హైదరాబాద్ గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీతో కలిపేస్తారు, అది వేరు, 1998లో పెట్టింది, దానికి ఇంటర్ తర్వాత వేరే దారులు.

ఒక మెలిక ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకు. సీటు రాగానే సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, వచ్చినట్టు కాదు. పీయూసీ రెండేళ్ల మార్కులు చూసి బ్రాంచ్ ఇస్తారు, అందరూ సీఎస్ఈనే అడుగుతారు. మా రూమ్‌మేట్‌కి అలాగే తప్పిపోయి సివిల్ వచ్చింది. వాడు మూడు రోజులు మెస్‌కి రాలేదు. ఇప్పుడు డేటా పనే చేస్తున్నాడు, కానీ ఆ మూడు రోజులు నేను మర్చిపోను. మొదటి ఏడాది తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లిష్ లెక్చర్లతో టెన్షన్ ఉంటుంది, దసరా సెలవులకి ఇంటికెళ్లి ఇక రానన్నవాళ్లని చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి. మా నాన్న బస్సెక్కించి పంపేశాడు.

సివిల్ అంటే గుర్తొచ్చింది, రాజ్ రెడ్డి గారు తెలుసా? ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు ఆయనది. మద్రాసు గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగే. మాటని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే పని మీద బతుకంతా పెట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నారు, కంప్యూటర్ వాళ్లకి అది నోబెల్ లాంటిది. మీ బాబాయి భయపడే ఏఐకి పునాదులేసినవాళ్లలో మన చిత్తూరు మనిషి ఉన్నాడని ఆయనకి చెప్పు. సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికలే.

ఫ్యూజ్_కట్టేవాడు:

ఈఈఈ తీసుకో అని తేలిగ్గా అనేస్తున్నారు కాబట్టి ఒక ఈఈఈ వాడిగా రెండు ముక్కలు. నేను సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాను, నాకిష్టం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే వచ్చే ఆ హమ్మింగ్ అంటేనే ఇష్టం. నా క్లాసులో అరవై మంది, ఈ శబ్దం మధ్య పనిచేస్తున్నది ఐదుగురం, మిగతావాళ్లంతా చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోయారు, అదీ ఏడ్చుకుంటూ. భయపడి బ్రాంచ్ తీసుకుంటే అంతే. బాబాయి ఇప్పుడు దెబ్బ తిని ఉన్నాడు, పాపం, ఆయన్ని వాదించి గెలవకు. ఆయన చేత నీ కోడ్ చదివించు, ఖాళీగా ఉన్న మనిషికి అదే మేలు.

గచ్చిబౌలి_అక్క:

ఒక్కటి ఎవరూ చెప్పలేదు. కాలేజీ ఏదొచ్చినా, బ్రాంచ్ ఏదొచ్చినా తలుపు మూసుకోదు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ బీఎస్ ఆన్‌లైన్‌లో ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ తప్పనిసరి కాదు, నాలుగు వారాల పాఠాలు విని క్వాలిఫయర్ పాసైతే చేరొచ్చు. మా చెల్లెలు మామూలు డిగ్రీతో పాటు అది చేస్తోంది, ఆదివారాలన్నీ దానికే పోతున్నాయి అనుకో. ఇంకా, ప్రైవేట్ కాలేజీలకి వెళ్తే సీఎస్ఈ ఏఐ, సీఎస్ఈ డేటా సైన్స్ అంటూ పది పేర్లు కనిపిస్తాయి, పేరు చూసి లక్షలు ఎక్కువ కట్టకండి. సిలబస్ కాగితం పక్కపక్కన పెట్టి చూడండి, మొదటి రెండేళ్లు దాదాపు ఒకటే. సీటు తీసుకునే ముందు ఆ కాలేజీ సెకండ్ ఇయర్ పిల్లని పట్టుకుని డేటా స్ట్రక్చర్స్ ఎవరు చెప్తారు, ల్యాబ్‌లో మీరే రాస్తారా లేక రికార్డ్ కాపీ కొడతారా అని అడగండి. ఆ పిల్ల నవ్విందంటే వెనక్కి వచ్చేయండి.

ఫోన్ మీద ఏడాది నెట్టుకొచ్చావు కాబట్టి అంటున్నా, హాస్టల్ ఫీజు మిగిలితే అందులోంచి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అడుగు నాన్నని. కొత్తది వద్దు.

ఫ్యాట్_ఆరున్నర:

అందరికీ చాలా థాంక్స్. ట్రిపుల్ ఐటీ అప్లికేషన్ వేస్తున్నాం, నాన్న నిన్న రాత్రి మళ్లీ మామూలుగా మాట్లాడాడు. రాకపోతే అద్దంకిలోనే ఎంపీసీ అని ఒప్పందం.

మాస్టారు గారూ, అమ్మని అడిగాను. పాలు పిండుకొచ్చినోళ్ల దగ్గర చిల్లర కోస్తానా, ప్రతి పూటా పైకే సర్దుతా అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది. పూటపూటకీ పైకి సర్దేలా మార్చాను. అప్పుడో తమాషా జరిగింది, సరిగ్గా తెగే లెక్కల్లో కూడా కొందరికి పది పైసలు ఎక్కువ పడ్డాయి. రాత్రంతా చూస్తే, చివర ఎక్కడో ఉన్న ఆ 00000004 లాంటి తోక వల్ల పైకి సర్దేస్తోంది! నైట్‌షిఫ్ట్ అన్న చెప్పినట్టు దశాంశాలన్నీ తీసేసి పూర్ణ సంఖ్యల్లోకి మార్చేశాక పోయింది. కాబట్టి మీ ఇద్దరి మాటా నిజమే.

42 మందివి పైసాతో సహా అమ్మ పుస్తకంతో కలిశాయి. ఆ ఒక్కాయనకి మాత్రం తేడా ఇప్పుడు సరిగ్గా 15 రూపాయలు. బాబాయీ నేనూ ఆయన పేజీ ముందేసుకుని కూర్చున్నాం. తొమ్మిదో తారీఖు సాయంత్రం నాలుగు లీటర్లు, ఫ్యాట్ 6.8, బిల్లు వేసేటప్పుడు అమ్మ తన రాతే తను 6.3 అని చదువుకుంది. ఆయన కార్డులో 6.8 అనే ఉంది. అమ్మకి చూపిస్తే కాసేపు కళ్లజోడు తుడుచుకుంది. రేపు పొద్దున పాలు పోయడానికి వచ్చినప్పుడు ఇచ్చేస్తానంది, పదిహేను రూపాయలు లెక్కపెట్టి ఇప్పుడే ఆ పేజీలో పెట్టింది.